అర్థం కాని వాక్యం కూడా ఒక పగులే

విమానం కూలిందనగానే మనవాళ్ళ నోటి నుంచి వచ్చే మాటలు నాకు కంఠతా వచ్చు. "ఆయువు తీరింది, అంతే." "దీని వెనక ఏదో కుట్ర ఉంది." "బయల్దేరిన వేళ మంచిది కాదు." "పైలట్ సరిగ్గా నడపలేదు." ఇందులో ఏదో ఒకటి అనేసి, టీవీ కట్టేసి అన్నానికి లేస్తాం. ఎవరూ అనని మాట ఒకటుంది: "ఆ విమానాన్ని మరమ్మతు చేసినవాడి చేతికిచ్చిన కాగితంలో ఏం రాసుంది? అది చదివితే అర్థమవుతుందా?"

ఈ ప్రశ్న చాలా చప్పగా ఉంటుంది. దీనికి దేవుడూ అక్కర్లేదు, విలనూ అక్కర్లేదు. ఎవడో ఒకడు కూర్చుని మాన్యువల్ పేజీలు తిరగెయ్యాలి. అందుకే ఇది ఎవరికీ రుచించదు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలి 260 మంది చనిపోయారు. ఆ తర్వాత వారం రోజులు మనం ఏం మాట్లాడుకున్నామో ఒకసారి గుర్తు చేసుకోండి. శిథిలాల్లో కాలకుండా దొరికిందన్న భగవద్గీత గురించి. బతికి బయటపడ్డ ఒకే ఒక్క ప్రయాణికుడు కూర్చున్న 11ఏ సీటు మహత్యం గురించి. 260 మంది పోయిన చోట ఒక పుస్తకాన్ని కాపాడిన దేవుడికి దేని మీద శ్రద్ధ ఎక్కువ అని అడిగితే మాత్రం మనం దుర్మార్గులమవుతాం. సరే, ఆ పేరు నాకు కొత్తేమీ కాదు. విషయానికి వస్తాను.

నేనుండేది ఢిల్లీలో, మునిర్కాలో. ఇక్కడ ఆకాశంలో విమానం లేని పూట ఉండదు. మెజెంటా లైన్ మెట్రో ఎక్కితే మూడో స్టేషనే విమానాశ్రయం టెర్మినల్ 1. ఇంకోవైపు, సఫ్దర్‌జంగ్ పాత విమానాశ్రయం దగ్గర, దేశంలో ఏ విమానం ఎగరాలన్నా అనుమతినిచ్చే డీజీసీఏ ఆఫీసు. మునిర్కా గ్రామం సందుల్లో, ఒక మంచమూ ఒక బల్లా మాత్రమే పట్టే అద్దె గదుల్లో, మన తెలుగు పిల్లలు చాలామంది ఉంటారు. ఎదురుగా జేఎన్‌యూ ఉంది కాబట్టి అందులో చదివేవాళ్ళు, సివిల్స్‌కి తయారయ్యేవాళ్ళు ఎక్కువ. అక్కడక్కడ విమాన మరమ్మతు ఇంజనీరు లైసెన్సు పరీక్షలు రాసేవాళ్ళు కూడా తగులుతారు.

నేను చాలా ఏళ్ళు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసి బతికినవాణ్ణి. పంపుసెట్ల కాగితాలు, పురుగుమందుల కరపత్రాలు, సర్కారు సర్క్యులర్లు, అన్నీ చేశాను. ఆ సంగతి తెలిసి విజయనగరం జిల్లా కుర్రాడొకడు పోయినేడాది నా దగ్గరకొచ్చాడు. చేతిలో మాన్యువల్ పేజీ జిరాక్సు. "మాస్టారూ, ఈ వాక్యం ఒకసారి చూడండి" అన్నాడు. సీలు తియ్యి, లోపల పరీక్షించు, సీలును 'రీప్లేస్' చెయ్యి అని ఉంది. "రీప్లేస్ అంటే పాతదాన్నే మళ్ళీ పెట్టమనా, కొత్తది వెయ్యమనా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఇంగ్లీషులో ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి. పుస్తకాన్ని అలమరలో 'రీప్లేస్' చెయ్యమంటే ఉన్నచోటనే పెట్టమని. బల్బును 'రీప్లేస్' చెయ్యమంటే కొత్తది వెయ్యమని. "మీ సార్‌ని అడిగావా?" అన్నాను. "అడిగానండి. ఎక్కువ ఆలోచించకు, ఉన్నది ఉన్నట్టు బట్టీ పడితే మార్కులొస్తాయి అన్నారు" అన్నాడు.

ఆ శిక్షణ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. మనకు చిన్నప్పటి నుంచీ చెబుతున్న మాటే ఆ సార్ చెప్పాడు. మంత్రం అర్థం అడక్కు, స్వరం తప్పకుండా చదువు. వ్రతకథలో ఆ రాజు ఎందుకలా చేశాడని అడక్కు, అక్షింతలు వేసి లే. మన చదువులో ప్రశ్న అంటే పొగరు. ఆ పొగరు లేనివాడికే మంచి మార్కులు. అలా మార్కులు తెచ్చుకున్నవాడు రేపు విమానం కింద నిలబడి, ఇది ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెడతాడు. నాకు భయం అక్కడ.

మాన్యువల్‌లో రెండర్థాల మాట ఉంటే ఏమవుతుందో చూద్దాం. మన వంటల పుస్తకాల్లో "ఉప్పు తగినంత" అని రాస్తారు. కూరలో ఉప్పెక్కువైతే మజ్జిగ కలుపుకుని తింటాం. విమానం తోకలో ఉండే కేబుల్‌ని 'తగినంత' బిగించమంటే ఏ మజ్జిగా కలపడానికి వీల్లేదు. ఊహించి చెబుతున్న మాట కాదిది. 2003లో అమెరికాలో ఒకే రకం చిన్న విమానాలు, బీచ్ 1900డి రకానివి, రెండు కూలాయి. రెండిటి దర్యాప్తులోనూ మరమ్మతు కాగితం ప్రస్తావన ఉంది.

మొదటిది 2003 జనవరి 8న, నార్త్ కరోలినా రాష్ట్రం షార్లెట్‌లో. ఎయిర్ మిడ్‌వెస్ట్ విమానం లేచీ లేవగానే ముక్కు పైకెత్తేసి, పట్టు తప్పి, హ్యాంగరు మీద పడింది. లోపలున్న 21 మందీ పోయారు. విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పేది తోక దగ్గరుండే ఎలివేటర్ అనే పలక. అంతకు రెండు రోజుల ముందు రాత్రి మరమ్మతులో దాని కేబుళ్ళ బిగువు సరిచేశారు. మాన్యువల్‌లో ఆ మొత్తం ఏర్పాటును మొదటి నుంచీ చివరిదాకా అమర్చే పద్ధతి ఉంది. ఒక్క బిగువు మాత్రమే సరిచెయ్యాలంటే ఏమేం చెయ్యాలో విడిగా లేదు. ఆ పని చేసిన మెకానిక్ ఈ రకం విమానం మీద ఆ పని చెయ్యడం అదే మొదటిసారి. పక్కనుండి నేర్పిస్తున్న ఇన్‌స్పెక్టరూ, అతనూ కలిసి తమకు అవసరమనిపించిన మెట్లు చేసి, మిగతావి వదిలేశారు. వదిలేసిన మెట్లు చేసి ఉంటే తప్పు బయటపడేది. ఎలివేటర్ ముక్కును కిందికి దించే వైపు తిరగాల్సినంత తిరగడం లేదని అప్పుడే తెలిసేది. నేర్పినవాడే తనిఖీ చేసి సంతకం పెట్టాడు. దీనికి తోడు విమానంలో బరువు లెక్కలు కూడా తప్పాయి. దర్యాప్తు సంస్థ రెండిటినీ కారణాలుగా చెప్పింది.

రెండోది అదే ఏడాది ఆగస్టు 26న, మసాచుసెట్స్‌లోని హయానిస్ దగ్గర. కోల్గన్ ఎయిర్ విమానం, ప్రయాణికులు లేరు, ఇద్దరు పైలట్లే. మరమ్మతులో ట్రిమ్ కేబుల్ మార్చారు. ట్రిమ్ అంటే, పైలట్ చేత్తో బలంగా పట్టుకునే పని లేకుండా ముక్కును ఒక ఎత్తులో నిలబెట్టే ఏర్పాటు. ఆ కేబుల్ చుట్టుకునే డ్రమ్ము బొమ్మను తయారీదారు మాన్యువల్‌లో తిరగేసి గీశారు. కేబుల్ తిరగబడింది. పైలట్ ఒక వైపు తిప్పితే ట్రిమ్ రెండో వైపు పోయింది. లేచిన కొద్దిసేపటికే విమానం సముద్రంలో పడి ఇద్దరూ చనిపోయారు. కేబుల్ మార్చాక సరిగ్గా పరీక్షించకపోవడమూ తప్పే, ఎగిరే ముందు పైలట్లు చెక్‌లిస్టు పాటించకపోవడమూ తప్పేనని దర్యాప్తు తేల్చింది. ఆ జాబితాలో మాన్యువల్ బొమ్మను కూడా చేర్చింది. గమనించండి, బొమ్మ గీసినవాణ్ణి కూడా లెక్కలోకి తీసుకున్నారు. "పోయినవాళ్ళ కర్మ" అని ఫైలు మూసెయ్యలేదు.

ఇప్పుడు మన పక్క దేశాలకు వద్దాం. 2007 సెప్టెంబరులో నేపాల్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 757లో విద్యుత్ లోపం వచ్చి మాటిమాటికీ మొరాయించింది. కాట్మండు విమానాశ్రయంలో ఆ విమానం ముందే, ఆకాశ భైరవుడికి రెండు మేకల్ని బలిచ్చారు. 2016 డిసెంబరు 7న పాకిస్తాన్‌లో పీఐఏ వారి ఏటీఆర్ విమానం చిత్రాల్ నుంచి ఇస్లామాబాద్ వస్తూ కూలి 47 మంది పోయారు. కొద్దిరోజులకు అదే రకం విమానం పక్కన రన్‌వే దగ్గర సిబ్బంది ఒక నల్లమేకను కోశారు. యాజమాన్యం అది తమ నిర్ణయం కాదంది. తర్వాత దర్యాప్తు ఏం తేల్చింది? ఇంజన్లో గడువు తీరిన టర్బైన్ బ్లేడ్లు ఉన్నాయి. కొద్ది వారాల ముందు ఇంజన్ మరమ్మతుకు వచ్చినప్పుడు, కాగితం ప్రకారం వాటిని మార్చాలి. మార్చలేదు. బ్లేడు విరిగింది. మేక మెడకూ ఆ బ్లేడుకూ ఏం సంబంధం?

నవ్వుకోకండి, మనమూ తక్కువ తినలేదు. 2019 అక్టోబరులో ఫ్రాన్స్‌లో మొదటి రఫేల్ యుద్ధవిమానాన్ని అందుకుంటూ మన రక్షణ మంత్రి దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. రాకెట్ ఎగిరే ముందు దాని నమూనా తిరుమల వెళ్ళొస్తుంది. "పోనిద్దురూ, ఎవరికేం నష్టం?" అంటారు కొందరు పెద్దమనుషులు. నష్టం నిమ్మకాయలో లేదు. భద్రత ఎక్కడి నుంచి వస్తుందన్న విషయంలో పిల్లలకు ఏం నేర్పుతున్నామన్నదే నష్టం. నిమ్మకాయ పెట్టిన ఫొటో అందరికీ చేరింది. ఆ చక్రం నట్టు ఎంత బలంతో బిగించాలో రాసిన పేజీ ఫొటో ఎవరైనా చూశారా?

అసలు మన దేశంలో అర్థం కాని విమాన మాన్యువల్‌కి గొప్ప చరిత్రే ఉంది. భరద్వాజ మహర్షి రాశాడని చెప్పే వైమానిక శాస్త్రం సంగతి మీకు తెలిసే ఉంటుంది. నిజానికి అది 1918 నుంచి 1923 మధ్య సుబ్బరాయ శాస్త్రి అనే పండితుడు చెబుతుంటే రాసుకున్నదని దాన్ని అచ్చువేసినవాళ్ళే చెప్పారు. 1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ముకుంద, దేశ్‌పాండే తదితరులు అయిదుగురు కూర్చుని దాన్ని శ్రద్ధగా చదివారు. కొట్టిపారెయ్యలేదు, లెక్కలు కట్టి చూశారు. ఆ బొమ్మల ప్రకారం కడితే ఏదీ ఎగరదని, రాసినవాళ్ళకు ఎగరడమంటే ఏమిటో తెలియదని తేల్చారు. అయినా 2015 జనవరిలో ముంబై సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానాల మీద పత్రం చదివారు. ఆ పుస్తకాన్ని నమ్మేవాళ్ళతో నేను చాలాసార్లు వాదించాను. ఏ శ్లోకం అర్థం అడిగినా ఒకటే జవాబు: "అది సంకేత భాష. మనకు అర్థం కాకపోవడం మన లోపం."

ఈ జవాబు దగ్గర కాస్త ఆగండి. గ్రంథం అర్థం కాకపోతే లోపం చదివేవాడిదేనట. ఎంత అర్థం కాకపోతే అంత గొప్ప గ్రంథమట. ఈ బుద్ధితోనే మన పిల్లవాడు మాన్యువల్ తెరుస్తాడు. వాక్యం రెండు రకాలుగా కనిపిస్తే తన ఇంగ్లీషును అనుమానించుకుంటాడు, తన ఊరిని అనుమానించుకుంటాడు, తెలుగు మీడియం చదువును తిట్టుకుంటాడు. రాసినవాణ్ణి మాత్రం అనుమానించడు. పక్కవాణ్ణి అడగడానికి సిగ్గు. పైవాణ్ణి అడగడానికి భయం. చివరికి ఏదో ఒక అర్థం ఊహించి పని కానిస్తాడు.

మరి విమానాల లోకం ఏమంటోంది? సరిగ్గా దీనికి వ్యతిరేకంగా అంటోంది. యూరప్‌లో విమాన మరమ్మతు సంస్థలకు పార్ట్ 145 అనే నిబంధనలున్నాయి. వాటి బాటలోనే మన డీజీసీఏ సీఏఆర్ 145 తెచ్చింది. అందులో ఒక మాట ఉంది. మరమ్మతు సూచన తప్పుగా ఉన్నా, అసంపూర్తిగా ఉన్నా, రెండర్థాలకు తావిచ్చేలా ఉన్నా, పనిచేసేవాళ్ళ కంట పడినప్పుడు దాన్ని రాసిపెట్టి, ఆ సూచన రాసినవారికి తెలియజేసే ఏర్పాటు సంస్థలో ఉండాలి. అంటే ఏమిటి? గ్రంథంలో తప్పు పట్టడాన్ని నిబంధనే కోరుతోంది. ఏ మతగ్రంథమైనా మొదటి పేజీలో "ఇందులో తప్పు కనిపిస్తే మాకు రాయండి, సవరిస్తాం" అని వేసుకుందా? విమానం మాన్యువల్‌లో ప్రతి పేజీ మీదా సవరణ తేదీ ఉంటుంది. ఆ తేదీ ఉండటమే దాని గౌరవం.

నిబంధన ఉంది సరే, అమలు సంగతి? "అర్థం కాలేదు" అన్నవాణ్ణి మొద్దు అనే హ్యాంగరులో ఆ నిబంధన గోడ మీది కాగితమే. విమానం గేటుకి చేరాల్సిన టైము దాటిపోతుంటే, పైవాడు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, "ఈ వాక్యం సందేహంగా ఉంది, తయారీదారుకి రాసి జవాబు వచ్చేదాకా ఆపుదాం" అనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని ఒక్క మెకానిక్ మీదే రుద్దడం అన్యాయం. అడిగినవాడికి జీతం కోత పడదని, పరువు పోదని సంస్థ నమ్మకం కలిగించాలి.

ఇక్కడ వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు.

మొదటిది: "అనుభవమున్న మెకానిక్‌కి కాగితంతో పనేంటండీ? చెయ్యి పెడితే తెలిసిపోతుంది." 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఆకాశంలో ఉండగా ముందు అద్దం ఊడిపోయింది. కెప్టెన్ సగం శరీరం బయటకు లాగేయబడింది. సిబ్బంది కాళ్ళు పట్టుకుని ఆపారు, సహ పైలట్ విమానం దించాడు, అందరూ బతికారు. ముందు రోజు తెల్లవారుజామున ఆ అద్దం బిగించింది అనుభవజ్ఞుడైన షిఫ్టు మేనేజరే. విడిభాగాల పుస్తకం చూడకుండా, పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చి కొత్తవి ఏరాడు. 90 బోల్టుల్లో 84 సన్నవి పడ్డాయి. అనుభవాన్ని నేను కించపరచడం లేదు. కానీ కన్ను మోసపోతుంది. కాగితం ఉన్నది అందుకే. ఆ కాగితం స్పష్టంగా ఉండాలనేదీ అందుకే.

రెండోది: "ఇంగ్లీషు రానివాడు ఈ పనికి ఎందుకొచ్చాడు?" ఈ మాట అనేవాళ్ళకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. విమాన పరిశ్రమే ఈ సమస్యను ఒప్పుకుని ఎన్నో ఏళ్ళయింది. ప్రపంచంలో విమానాలు బాగుచేసేవాళ్ళలో చాలామంది మాతృభాష ఇంగ్లీషు కాదు. అందుకే 1986లో యూరప్ విమాన తయారీదారుల సంఘం సరళ ఇంగ్లీషు నియమావళి ఒకటి తెచ్చింది. ఇప్పుడు దాన్ని ఏఎస్‌డీ ఎస్‌టీఈ 100 అంటారు. అనుమతించిన మాటలు సుమారు 900. సాధ్యమైనంతవరకు ఒక మాటకు ఒకే అర్థం. పని చెప్పే వాక్యంలో 20 మాటలు దాటకూడదు. ఒక వాక్యంలో ఒకే పని, రెండు పనులు ఒకేసారి చెయ్యాల్సి వస్తే తప్ప. 'ఫాలో' అంటే వెనక రావడమే, ఆజ్ఞ పాటించడం కాదు. మా కుర్రాణ్ణి తికమక పెట్టిన 'రీప్లేస్' కూడా అందులో ఉంది. పాతది తీసి, కొత్తది గానీ పనికొచ్చే మరొకటి గానీ వెయ్యడమే దాని అర్థం. అంటే విజయనగరం కుర్రాడి సందేహం అతని ఒక్కడిదీ కాదు. పరిశ్రమ ముందే పసిగట్టి నియమం రాసుకున్న సందేహమది. అతని సార్‌కి మాత్రం అది ఎక్కువ ఆలోచించడం.

మూడోది: "ప్రతి ప్రమాదానికీ కాగితమే కారణమా?" కాదు. 1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ 123వ నంబరు విమానం కొండల్లో కూలి 520 మంది చనిపోయారు. ఏడేళ్ళ ముందు ఒసాకాలో తోక నేలకు రాసుకున్నప్పుడు వెనక గోడకు మరమ్మతు చేశారు. ఒకే ముక్కగా వెయ్యవలసిన అతుకు పలకను రెండు ముక్కలుగా వేశారు. రెండు వరసల రివెట్లు మొయ్యాల్సిన బరువు ఒక వరస మీద పడింది. సూచనలో చెప్పింది ఒకటి, చేసింది ఒకటి. ఈ ఉదాహరణ నా వాదానికి అడ్డమని మీరనుకోవచ్చు. నాకలా అనిపించదు. "ఒకే పలక వెయ్యి" అనేది ఆజ్ఞ. "రెండు ముక్కలైతే బరువంతా ఒక్క వరస మీద పడి గోడ చీలుతుంది" అనేది కారణం. కారణం తెలిసినవాడి చెయ్యి పలకను కొయ్యబోతూ ఆగుతుంది. కారణం తెలియనివాడికి, రెండు ముక్కలైనా ఖాళీ పూడితే చాలు కదా అనిపిస్తుంది. షార్లెట్‌లో మెట్లు వదిలేసినవాళ్ళ సంగతీ ఇలాంటిదే. ఆ మెట్టు ఎందుకుందో తెలిస్తే వదలరు. ఆ సరళ ఇంగ్లీషు నియమావళి కూడా, హెచ్చరిక రాసేటప్పుడు పాటించకపోతే ఏం ప్రమాదమో చెప్పమంటుంది. కారణం చెప్పని ఆజ్ఞను మనిషి రెండే రకాలుగా చూస్తాడు. అయితే గుడ్డిగా మొక్కుతాడు, లేకపోతే ఎవరూ చూడనప్పుడు దాటేస్తాడు. మన గుళ్ళలో రెండూ చూస్తూనే ఉన్నాం.

ఇంకో రకం అస్పష్టత ఉంది. ఇది తప్పనిసరా, చేస్తే మంచిదా? ఇంధన స్విచ్చుల తాళం ఏర్పాటు కొన్ని బోయింగ్ విమానాల్లో విడిపోయి ఉండవచ్చు, పరీక్షించండి అని అమెరికా విమాన సంస్థ 2018లో ఒక సమాచార పత్రం పంపింది. అహ్మదాబాద్ ప్రమాదం మీద 2025 జులైలో వచ్చిన ప్రాథమిక నివేదిక దీన్ని ప్రస్తావించింది. అది సలహా మాత్రమే, తప్పనిసరి కాదు కనక ఆ పరీక్షలు చెయ్యలేదని ఎయిర్ ఇండియా చెప్పినట్టు అందులో ఉంది. ప్రమాదానికి ఇదే కారణమని ఆ నివేదిక అనలేదు, నేనూ అనను. కానీ "చేస్తే మంచిది" అని రాసిన కాగితాన్ని ఎవరైనా ఏం చేస్తారో మనకు తెలుసు. ప్రాణానికి సంబంధించిందైతే చెయ్యమని చెప్పాలి. కాకపోతే ఎందుకు కాదో చెప్పాలి.

ఇక మన సొంత కథ. 2009 సెప్టెంబరు 2న ఉదయం బేగంపేట నుంచి చిత్తూరుకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అయిదుగురు చనిపోయారు. ఆర్.కె. త్యాగి అధ్యక్షతన వేసిన సాంకేతిక కమిటీ తేల్చిన ముఖ్య కారణం వాతావరణం. ఉరుముల మేఘాల్లో బలమైన కిందిగాలికి చిక్కి అదుపు తప్పింది. కానీ అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ విషయంలో పైలట్లకు సమస్య కనిపించింది. దానికి ఏం చెయ్యాలో చెప్పే పేజీ కోసం అత్యవసర సూచనల పుస్తకంలో వెతుకుతూ ఆరు నిమిషాలకు పైగా గడిపారు. బయట మబ్బు ముంచుకొస్తున్న ఆరు నిమిషాలవి. ఇది మరమ్మతు మాన్యువల్ కాదు, పైలట్ పుస్తకం. అయినా సమస్య అదే. అవసరమైన క్షణంలో అవసరమైన వాక్యం చేతికి దొరకలేదు.

ఆ ఆరు నిమిషాల గురించి మన రాష్ట్రంలో ఎన్ని చర్చలు జరిగాయి? నేను వినలేదు. 2010 జనవరిలో ఏదో విదేశీ వెబ్‌సైటులో వచ్చిన కుట్ర కథను ఒక తెలుగు చానల్ చదివి వినిపించగానే, ఆ రాత్రే రిలయన్స్ దుకాణాల మీద రాళ్ళు పడ్డాయి. కుట్ర కథకు రాత్రికి రాత్రే జనం లేచారు. నివేదికలోని పేజీకి ఎవరూ లేవలేదు. అభిమాన నాయకుడు పోయిన దుఃఖం నాకర్థమవుతుంది. కానీ ఆ దుఃఖం నుంచి ఒక్క పైలట్ పుస్తకమైనా బాగుపడాలని డిమాండు పుట్టలేదే? విధి అన్నా, కుట్ర అన్నా ఒక సుఖముంది. మనం చెయ్యాల్సింది ఏమీ మిగలదు. పుస్తకం బాగోలేదంటే పని మొదలవుతుంది.

కాబట్టి నేను కోరేవి పెద్దవేమీ కాదు. శిక్షణ సంస్థల్లో, మాన్యువల్‌లో ఉన్నది అప్పజెప్పినవాడికే కాదు, ఏ వాక్యం రెండు రకాలుగా అర్థమవుతుందో పట్టుకున్నవాడికి కూడా మార్కులెయ్యండి. హ్యాంగరుల్లో, సందేహం రాసిచ్చినవాడి పేరు బోర్డు మీద మెచ్చుకుంటూ రాయండి, మందలింపు రిజిస్టరులో కాదు. తనిఖీకి వచ్చే డీజీసీఏ అధికారులు ఒక ప్రశ్న అడగాలి: "ఈ ఏడాది మీవాళ్ళు ఎన్ని సూచనలు అర్థం కాలేదని పంపారు?" సున్నా అని జవాబొస్తే సంతోషించకూడదు. అంత పెద్ద సంస్థలో ఏడాదంతా ఎవరికీ ఏ సందేహమూ రాలేదంటే, అక్కడ అడగడం మానేశారని అర్థం.

రాజ్యాంగం 51ఏ(హెచ్) ప్రకారం శాస్త్రీయ దృక్పథాన్నీ, ప్రశ్నించే తత్వాన్నీ పెంపొందించడం ప్రతి పౌరుడి బాధ్యత. 1976 నుంచీ ఉందది. దాన్ని ఉపన్యాసాల్లో వాడుకుని వదిలేస్తున్నాం. రెక్కలో పగులు కనిపిస్తే విమానం ఆపే మనిషి, మాన్యువల్‌లో పగులు కనిపించినా ఆపగలగాలి. అలా ఆపినవాడికి మనం అండగా నిలబడాలి. ఆ బాధ్యతకు ఇంతకంటే మంచి అర్థం నాకు తోచడం లేదు.

చివరిగా చదివేవాళ్ళకు ఒక మాట. ఎక్కడైనా ప్రమాదం జరిగితే, జాతకాలు చెప్పే చానల్ కట్టేసి దర్యాప్తు నివేదిక తెరవండి. మన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. అందులో మరమ్మతు గురించిన పేజీలు కాస్త విసుగ్గా ఉంటాయి. అవే చదవండి. అర్థం కాని వాక్యం కనిపిస్తే మీ తెలివిని అనుమానించుకోకండి. రాసినవాళ్ళను అడగండి.